కత్తెర కేసు

సోమవారం బడి గంట మోగింది. పిల్లల సంచులు ఇంకా కొక్కేలకి ఎక్కనే లేదు, తరగతి గదిలో ఒక హత్య జరిగిపోయింది.

పోయింది ఒక కార్డు. అరచెయ్యంత అట్ట, దాని మీద నీళ్ళ గ్లాసు బొమ్మ, పైన మెరిసే ప్లాస్టిక్ పొర. నిలువునా చీలి బల్ల కింద పడి ఉంది. ఒక మూల పంటి గాట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

హంతకురాలు పారిపోలేదు. కుర్చీలో కాళ్ళూపుకుంటూ కూర్చుని, ఇక బయల్దేరదామా అన్నట్టు టీచర్ వైపు చూస్తోంది. ఏడేళ్ళ పిల్ల. రెండు జడలు. ఒక కాలికే మేజోడు. మాటలు రావు. ఏం కావాలన్నా బొమ్మ కార్డు తీసి ఎదుటి మనిషి చేతిలో పెట్టి అడగడం నేర్పాలని టీచర్ తంటాలు పడుతోంది. దాహమైతే గ్లాసు కార్డు, బయటికెళ్ళాలంటే తలుపు కార్డు. ఆ పిల్లేమో కార్డు చేతికి అందడం ఆలస్యం, చింపి పారేస్తోంది. అందుకే బడి మొత్తం ఆమెని కత్తెర అంటుంది.

"బోణీ అయింది మేడం," అంది ఆయా, ముక్కలు చీపురుతో ఊడుస్తూ. "కొందరికి పొద్దున్నే కాఫీ పడాలి. మన కత్తెరకి కార్డు పడాలి."

ఈ ఆయా పేరు బళ్ళో ఎవరికీ గుర్తులేదు. అందరూ రేడియో అంటారు. గేటు తీసినప్పుడు మొదలైతే గేటు వేసేదాకా ఆగదు.

"నవ్వకక్కా," అంది టీచర్. "ఈసారి మందం ప్లాస్టిక్ వేశాను. ఎలా చింపింది?"

"ముందు మూల కొరికింది. తర్వాత తలుపు సందులో పెట్టి లాగింది. తెలివైన పిల్ల మేడం. నేనైతే కొరకడం దగ్గరే ఆగిపోయేదాన్ని."

టీచర్ ఉద్యోగంలో చేరి రెండో ఏడు. ఆమెది ఒకటే సిద్ధాంతం. ఊరికే ఎవరూ పని చెయ్యరు. పెద్దవాళ్ళు జీతానికి చేస్తారు, పిల్లలూ దేనికో ఒకదానికి చేస్తారు. ఆ ఒక్కటీ ఏమిటో పట్టుకుంటే సగం చదువు చెప్పేసినట్టే. దానికి ఆమె పెట్టుకున్న పేరు కూలి. గదిలో ఉన్న పిల్లలందరి కూలీ ఆమెకి తెలుసు. కిటికీ పక్క కూర్చునే పిల్లాడు టీచర్ కళ్ళజోడు తుడవనిస్తే ఎన్ని లెక్కలైనా చేస్తాడు. వాడి వెనకమ్మాయి ఫ్యాను స్విచ్చి ఒకసారి ఆపి వేయనిస్తే చాలు, పేజీలకి పేజీలు రాస్తుంది. ఇంకొకడికి సబ్బు కాగితం వాసన. కనిపెట్టడం కూడా ఆమెకి చేతనైన పనే. రెండు వస్తువులు ఎదురుగా పెట్టడం, చెయ్యి ఎటు వెళ్తుందో చూడటం, గెలిచినదాన్ని ఇంకోదానితో పోటీకి దింపడం.

కత్తెర దగ్గర మాత్రం ఈ పరీక్ష పారలేదు. బుడగలూ బొమ్మకారూ పెడితే రెండిటినీ సమానంగా బల్ల మీంచి తోసేసింది. ఎవరికీ అన్యాయం చెయ్యలేదు.

"పద కత్తెరా, కొత్త కార్డు చేసుకొద్దాం," అని టీచర్ ఆమె చెయ్యి పట్టుకుంది. రేడియో ఒక్కతే మిగిలిన పిల్లల్నీ, ఆ పైన కత్తెరనీ కాయలేదు కాబట్టి కార్డు చింపినప్పుడల్లా ఇద్దరూ కలిసే స్టాఫ్ రూముకి వెళ్తారు. గదిలో కుదురుగా నిలబడని పిల్ల, పాపం, తప్పు చేశానని తెలుసేమో, అక్కడ మాత్రం బుద్ధిగా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు పెద్ద మేడం ఎదురైంది. బడికంతటికీ ఆమే పెద్ద.

"శుక్రవారం ఆఫీసు నుంచి సార్ వస్తున్నారు," అంది. "నీ కత్తెరని చూడటానికే. ఒక్క కార్డయినా చింపకుండా చేతికిచ్చి అడిగితే ఇక్కడుంటుంది. లేదంటే ఊరవతలి బడికి మార్చేస్తారు."

"మేడం, అక్కడికి రెండు బస్సులు మారాలి. అది బస్సెక్కితే దిగేదాకా అరుస్తుంది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో షిఫ్టులు, నాన్న లారీ మీద ఉంటాడు. తీసుకెళ్ళాల్సింది ముసలావిడ."

"నాకు తెలియదా? అందుకేగా చెప్తున్నా. ఏదో ఒకటి చెయ్యి."

ఏదో ఒకటి చెయ్యడానికి టీచర్‌కి నాలుగు రోజులున్నాయి.

*

మంగళవారం అమ్మమ్మ పెద్ద గోనెసంచి మోసుకుని దిగింది.

"దీనికి ఏమిష్టమో కనుక్కుని చెప్పమన్నావట కదా తల్లీ. చెప్పేదేముంది, ఇల్లంతా పట్టుకొచ్చా."

అమ్మమ్మ కుర్రతనంలో సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే పని చేసింది. మనవరాలి అలవాటు తన పోలికేనని ఆమె గట్టి నమ్మకం. "వాళ్ళమ్మకి రాలేదు ఈ విద్య. ఒక తరం దాటి దీనికొచ్చింది," అని గర్వంగా చెబుతుంది.

సంచిలోంచి సరుకు బల్ల మీదికి వచ్చింది. కుక్కరు మూత. పాత గొడుగు. అద్దం పగిలిన గడియారం. అరటిపళ్ళు. తాతయ్య షేవింగు బ్రష్షు.

"ఈ బ్రష్షుతో బుగ్గ మీద రాస్తే మురిసిపోతుంది. చూడు."

రాశారు. కత్తెర మురిసిపోలేదు. బ్రష్షు తీసుకుని కిటికీలోంచి విసిరింది.

"ఇంట్లో మురిసిపోయేది," అంది అమ్మమ్మ, చిన్నబుచ్చుకుని.

"ఎప్పుడమ్మమ్మగారూ?"

"నెలల పిల్లప్పుడు."

గొడుగు వంతు వచ్చింది. తెరిస్తే ఇష్టమట. రేడియో తెరిచింది. గొడుగు ఒక్కసారిగా విచ్చుకుని, ఊచ ఒకటి ఊడి ఆమె ముక్కుకి తగిలింది. కళ్ళజోడు పిల్లాడు పడీ పడీ నవ్వాడు. ఫ్యానమ్మాయి చప్పట్లు కొట్టింది. కత్తెర మాత్రం ఆవులించింది.

"ఎవరికోసం చేశానో వాళ్ళు తప్ప అందరూ నవ్వారు," అంది రేడియో ముక్కు రుద్దుకుంటూ. "మా ఆయన దగ్గర కూడా ఇదే వరస."

అరటిపండూ గడియారమూ పోటీపడితే రెండూ ఓడిపోయాయి. సాయంత్రానికి టీచర్ తల పట్టుకుంది. ఆ రోజు మరో రెండు కార్డులు హతం. ఒకదాన్ని చింపడం కుదరక కుళాయి తొట్టిలో ముంచి, ఉబ్బాక చీల్చింది. ప్రతిసారీ టీచర్ మొహం గంటు పెట్టుకోకుండా, ఓర్పుగా కొత్తది చేసి తెచ్చింది. అంతకంటే మందం ప్లాస్టిక్ వేసింది. కార్డులకి కవచం పెరిగేకొద్దీ కత్తెరకి పనితనం పెరిగింది.

*

బుధవారం కేసు అడ్డం తిరిగింది.

తలుపు కార్డు ప్రాణం పోయింది. టీచర్ ఎప్పటిలాగే కత్తెర చెయ్యి పట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్ళింది. తాళం. శుక్రవారం రాబోయే సార్ కోసం బీరువాలు సర్దించి, తాళంచెవి బొడ్లో దోపుకుని, పెద్ద మేడం మీటింగుకి వెళ్ళిపోయింది.

"సరే, తర్వాత చేద్దాం. పద," అంది టీచర్.

కత్తెర కదల్లేదు. టీచర్ చెయ్యి తీసి తలుపు పిడి మీద పెట్టింది. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ పెట్టింది. గదికి పరుగెత్తి వెళ్ళి ఇంకో కార్డు పట్టుకొచ్చింది. టీచర్ కళ్ళ ముందే, దుకాణంలో డబ్బు కట్టే మనిషిలాగా, మూల కొరికి పర్రుమని చింపి, ముక్కలు ఆమె చేతిలో పెట్టింది. మళ్ళీ తలుపు వైపు చూసింది.

టీచర్ చేతిలోని ముక్కల్నీ తలుపునీ మార్చి మార్చి చూసింది.

స్టాఫ్ రూములో ఏముంది? బల్ల, బీరువా, టీ ఫ్లాస్కు, లామినేషన్ మిషన్. కార్డుకి ప్లాస్టిక్ పొర వేసేది ఆ మిషనే. స్విచ్చి వేస్తే ఎర్ర దీపం. వేడెక్కాక పచ్చ దీపం. కాగితం ఒక పక్కనుంచి మెల్లగా లోపలికి వెళ్ళి, రెండో పక్కనుంచి గట్టిగా, మెరుస్తూ, వెచ్చగా బయటికొస్తుంది. ఆ ఎర్ర దీపం పచ్చబడేదాకా కత్తెర రెప్పవెయ్యకుండా నిలబడుతుంది. ప్రపంచంలో దేనికోసమూ ఆగని పిల్ల.

తనేమో, పిల్ల తప్పు తెలుసుకుని బుద్ధిగా ఉంటోందనుకుంది!

ఇన్నాళ్ళూ ఆ గదిలో ఏం జరిగిందో టీచర్ వెనక్కి తిప్పి చూసుకుంది. కత్తెర కార్డు చింపేది. టీచర్ వెంటనే మిషన్ దగ్గరికి తీసుకెళ్ళేది. ఇంకో కార్డు చింపేది. ఇంకోసారి తీసుకెళ్ళేది. పిల్లకి కూలి ఏమిటో తెలియలేదని నెత్తీ నోరూ బాదుకుంటున్న మనిషే, రోజూ ఆ కూలి టంచనుగా చెల్లిస్తోంది. పని చేసినందుకు కాదు, చింపినందుకు.

గదికి తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది.

"దొంగ దొరికిందక్కా."

"ఎవరు?"

"నేనే."

విషయం విన్నాక రేడియో చాలాసేపు మాట్లాడలేదు. అది విని పక్క గది టీచర్ తలుపు దగ్గరికొచ్చి, అందరూ క్షేమమేనా అని అడిగి వెళ్ళింది.

"అయితే మేడం," అంది రేడియో చివరికి, "చింపడం మీరే నేర్పించారన్నమాట. అమ్మమ్మగారికి చెప్పకండి. పాపం, తన పోలికనుకుంటోంది."

*

అనుమానం ఉంటే సరిపోదు, రుజువు కావాలి. గురువారం స్టాఫ్ రూములోనే బల్ల వేసుకుని కూర్చున్నారు. కత్తెర ముందు టీచర్ రెండు ప్లాస్టిక్ కాగితాలు పెట్టింది. ఒకటి నిన్నటిది, చల్లారిపోయింది. ఇంకొకటి అప్పుడే మిషన్‌లోంచి వచ్చింది. వేడి ఎక్కువ లేదని ముందు తన మెడకి ఆనించి చూసుకుంది.

కత్తెర చల్లటిదాన్ని చూడను కూడా చూడలేదు. వెచ్చటిదాన్ని రెండు చేతులా అందుకుని, బుగ్గకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"హమ్మయ్య," అంది టీచర్. "ఇప్పుడు బేరం మార్చాలి."

మిషన్ బొమ్మ గీసి కొత్త కార్డు తయారుచేసింది. ఆ కార్డు చేతిలో పెట్టి అడిగితే ఒక కాగితం మిషన్‌లోకి వెళ్తుంది. చింపితే పెన్సిలుతో గీసిన మామూలు కార్డు ఇంకోటి వస్తుంది, అంతే. మిషన్ ఆగిపోతుంది.

కత్తెర చింపింది. మిషన్ ఆగింది.

ఆ తర్వాత జరిగింది చెప్పుకోకపోవడమే మంచిది. అరుపులకి టీ ఫ్లాస్కు మూత ఊడింది. కత్తెర నేల మీద పడి దొర్లింది. ఇంకో కార్డు చింపింది, ఇంకోటి చింపింది, పెద్ద మేడం కుర్చీ మీది తువ్వాలు కూడా చింపబోయింది. టీచర్ పెన్సిలుతో గీస్తూనే ఉంది. చింపితే ఇంకేమీ రాదని అర్థమయ్యాక ఏడుపు తగ్గింది. కత్తెర ముక్కు ఎగబీల్చి, కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, ఏదో అనుమానంగానే తెచ్చి టీచర్ అరచేతిలో పెట్టింది.

చింపకుండా.

"అడిగావా! మిషన్ కావాలని అడిగావా నా తల్లీ!" అంది టీచర్. స్విచ్చి వెయ్యడం మర్చిపోతే కత్తెరే వేలు పెట్టి చూపించింది.

ఇక ఆగలేదు. మిషన్‌లో పెట్టడానికి ఆకు తెచ్చింది, కార్డిచ్చింది. బస్సు టికెట్టు తెచ్చింది, కార్డిచ్చింది. మధ్యలో టీచర్ చెప్పిన పనులు కూడా చేసింది. బొమ్మలు జత కలిపింది, రంగులు విడదీసింది. చివరికి ఉన్న ఒక్క మేజోడు విప్పి పట్టుకొచ్చింది. అది మిషన్‌లో పట్టదని నచ్చచెప్పడానికి చాలాసేపు పట్టింది.

చిక్కల్లా పెద్ద మేడం దగ్గర వచ్చింది.

"రేపు స్టాఫ్ రూము ఖాళీగా ఉండదు. సార్‌కి అక్కడే టీ. మిషన్ తరగతిలోకి తీసుకెళ్తావా? వేడి యంత్రం, పిల్లల గది. బుర్ర ఉండే అడుగుతున్నావా?"

"నా చేతి కిందే ఉంటుంది మేడం. స్విచ్చి దగ్గర రేడియో అక్క నిలబడుతుంది."

"రేడియో ఉంటే ఇంకా భయం. కుదరదు."

*

శుక్రవారం పొద్దున రేడియో బొమ్మల బండి తోసుకుంటూ నడవాలో వస్తోంది. బండిలో చిన్న దుప్పటి కప్పి ఏదో ఉంది. చక్రాలు కీచుమంటున్నాయి.

సరిగ్గా అప్పుడే పెద్ద మేడం, ఆఫీసు సార్ ఎదురొచ్చారు. సార్ సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ పెట్టెలోంచి ఇప్పుడే వచ్చినట్టున్నాడు. చంకలో ఫైలు.

"ఏమిటది?" అంది పెద్ద మేడం.

"బొమ్మ పాప మేడం. నిద్రపుచ్చుతున్నా," అంది రేడియో. జన్మలో మొదటిసారి రెండు ముక్కల్లో ఆపింది. అదే అనుమానం తెప్పించింది.

సార్ వంగి చూశాడు. దుప్పటి కిందనుంచి నల్ల తీగా, దాని చివర ప్లగ్గూ వేలాడుతున్నాయి.

"పాపకి తోక ఉందే," అన్నాడు.

"వాళ్ళ నాన్న పోలిక సార్," అని రేడియో బండిని పరుగెత్తించింది.

పెద్ద మేడం మొహం ఎర్ర దీపంలా వెలిగింది. సార్ పక్కన ఉండగా ఏమనగలదు?

గదిలో పరీక్ష మొదలైంది. తలుపు బయట అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అద్దంలోంచి చూస్తోంది. కత్తెర బొమ్మలు జత కలిపింది. కార్డు తీసి టీచర్ చేతిలో పెట్టింది. మిషన్ తిరిగింది. మళ్ళీ పని, మళ్ళీ కార్డు. ఒక్కటి కూడా చింపలేదు.

సార్ గడ్డం గోక్కున్నాడు. "బాగానే ఉందమ్మా. కానీ నువ్వు దానికి అలవాటైన మనిషివి. రేపు బజార్లోనో, ఆసుపత్రిలోనో ఎవరో కొత్తవాళ్ళని అడగాల్సి వస్తే? అడగ్గలిగితేనే అది దానికి మాట కింద లెక్క. మీరు వారంలో తిప్పలుపడి ఒక మనిషి దగ్గర అలవాటు చేశారు. అంతకంటే నాకేం కనపడట్లేదు."

అతను అన్నది అబద్ధం కాదు. అదే టీచర్‌కి దుఃఖం తెప్పించింది. ఇంకో వారం ఉంటే! సార్ ఫైలు తెరిచి ఒక కాగితం బయటికి తీశాడు. బదిలీ ఉత్తర్వు. కలం మూత తీశాడు. తలుపు అద్దం మీద అమ్మమ్మ ఊపిరి మసకలా కమ్ముకుంది.

కత్తెర తలెత్తింది.

ఆమె ముందు ఇంక కాగితాలు లేవు, అన్నీ అయిపోయాయి. మిషన్ పక్కన ఒకే ఒక్క ప్లాస్టిక్ కవరు మిగిలింది, పెద్దది. ఎదురుగా పొడుగాటి మనిషి చేతిలో తెల్లగా, నున్నగా, ఇంకా ప్లాస్టిక్ ఎక్కని కాగితం.

కార్డు తీసుకుని లేచింది. టీచర్ అలవాటుగా చెయ్యి చాచింది. కత్తెర ఆ చేతిని దాటుకుని వెళ్ళిపోయింది. సార్ కలం పట్టుకున్న చేతిని తెరిచి, కలం తీసి కింద పడేసి, కార్డు అందులో పెట్టింది. తర్వాత అతని మొహంలోకి చూసింది.



"న… నన్నేనా అడుగుతోంది?" అన్నాడు సార్.

"మిమ్మల్నే సార్," అంది టీచర్.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"అడిగింది ఇవ్వాలి సార్," అంది రేడియో. "ఇవ్వకపోతే ఇంకెప్పుడూ కొత్తవాళ్ళని అడగదు. పచ్చ దీపం వచ్చింది. కాగితం కవర్లో పెట్టండి. అలా. ఇప్పుడు తిన్నగా తొయ్యండి."

కత్తెర అతని మణికట్టు పట్టుకుని మిషన్ దాకా లాక్కెళ్ళింది. మనిషి వింతగా చూస్తూనే చెప్పినట్టల్లా చేశాడు.

"సార్, అది ఉత్తర్వు…" అంది పెద్ద మేడం.

"మధ్యలో ఆపకూడదు మేడం, ఇరుక్కుంటుంది," అంది రేడియో.

ఉత్తర్వు ఒక పక్కనుంచి వెళ్ళి రెండో పక్కనుంచి వచ్చింది. గట్టిగా, మెరుస్తూ. టీచర్ చేత్తో తాకి చూసి కత్తెరకి అందించింది. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, ఆ కాగితం ఎవరి చేతిలో ఉందో. ఆఫీసు ముద్ర ఉన్న కాగితం, కత్తెర రెండు చేతుల మధ్య!

కత్తెర మూల వాసన చూసింది. బుగ్గకి ఆనించుకుంది. గట్టిగా, గొంతు నిండా నవ్వింది. చింపలేదు. చింపాల్సిన పనేముంది ఇప్పుడు?

సార్ కలం ఏరుకుని ప్లాస్టిక్ మీద సంతకం గీసి చూశాడు. సిరా అంటలేదు. వేలితో తుడిస్తే పోయింది. కాసేపు ఆ వేలి వైపే చూసుకున్నాడు.

"ముక్కూ మొహం తెలియని మనిషిని అడిగింది," అన్నాడు మెల్లగా. పెద్ద మేడం వైపు తిరిగాడు. "ఈ పిల్లని ఇక్కడినుంచి పంపించెయ్యమని రాసిందెవరండీ?"

"ఎవరో సార్," అంది పెద్ద మేడం. "మా టీచర్ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం. మిషన్ గదిలో పెట్టుకోమని నేనే చెప్పా."

రేడియో దగ్గింది. ఈలోగా కత్తెర కార్డు మళ్ళీ సార్ చేతిలో పెట్టి అతని చంకలోని ఫైలుని తదేకంగా చూడసాగింది. సార్ ఫైలు వీపు వెనక దాచుకున్నాడు. కొంచెంసేపు ఆలోచించి, జేబులోంచి తన చిరునామా కార్డు తీసి ఇచ్చాడు. రేడియో స్టాఫ్ రూము నుంచి ఇంకో ప్లాస్టిక్ కవరు తెచ్చి, ఆపేసిన మిషన్ మళ్ళీ వేసింది.

తలుపు తెరుచుకోగానే అమ్మమ్మ టీచర్ రెండు చేతులూ పట్టేసుకుంది. "ఏమన్నాడు తల్లీ? బస్సులేనా?"

"బస్సుల్లేవు. ఇక్కడే ఉంటుంది అమ్మమ్మగారూ."

ముసలావిడ గోడకి జారగిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత లోపలికి తొంగి చూసింది. సార్ వంగి, పచ్చ దీపం కోసం ఎదురుచూస్తున్నాడు. పక్కన మనవరాలు అతని మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

"తల్లీ," అంది అమ్మమ్మ గొంతు తగ్గించి, "ఆ మిషన్ ఏ దుకాణంలో దొరుకుతుంది? తల దువ్వించుకోమంటే ఇల్లంతా పరుగెత్తిస్తోంది నన్ను."